కొలంబస్ భూటానీ నేపాలీలు: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లం, భూటాన్ నుంచి శరణార్థులుగా వచ్చిన ఈ నేపాలీలను రోజూ చూస్తుంటాం. కిరాణా దుకాణంలో, గుడిలో, పిల్లల బడి బస్సు ఆగే చోట ఎదురవుతుంటారు. నేను కొన్నేళ్లుగా శనివారాల్లో, వీళ్లలో అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకునే పెద్దవాళ్లకు పాఠం చెబుతున్నాను. ఆ సంగతి తెలిసిన మిత్రులు ఏ ఇంట భోజనానికి పిలిచినా ఇవే ప్రశ్నలు అడుగుతారు. విస్తరిలో అన్నం చల్లారిపోతోంది కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

వీళ్లు నేపాల్ వాళ్లా, భూటాన్ వాళ్లా?

భూటాన్ వాళ్లు. ఇంట్లో మాట్లాడేది నేపాలీ. 19వ శతాబ్దం చివరి నుంచి దక్షిణ భూటాన్‌లో అడవులు కొట్టి పొలాలు చేసుకున్న రైతుల సంతతి. ఏలకులు, నారింజలు వాళ్ల ప్రధాన పంటలు. భూటాన్‌లో వీళ్లను లోత్షంపాలు అంటారు, అంటే దక్షిణాది వారని. ఎక్కువమంది హిందువులు, కొందరు బౌద్ధులు, కిరాత్ మతం వాళ్లు, క్రైస్తవులు. తంజావూరులో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాన్ని పట్టుకుని ‘మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడు వచ్చారు?’ అని అడిగితే వాళ్లకు ఎలా ఉంటుందో, ‘మీది ఖాట్మండూనా?’ అంటే వీళ్లకు అలా ఉంటుంది. చాలామంది ఖాట్మండూను మొదటిసారి చూసింది అమెరికా విమానం ఎక్కడానికి వెళ్లినప్పుడే.

మరి సొంత దేశాన్ని ఎందుకు వదిలి వచ్చారు?

వదిలి రాలేదు, వెళ్లగొట్టారు. భూటాన్ 1985లో పౌరసత్వ చట్టాన్ని కఠినం చేసింది. 1988లో దక్షిణ జిల్లాల్లో జనగణన జరిపి, 1958 నాటికి అక్కడ ఉన్నట్టు భూమిశిస్తు రసీదు చూపించమంది. ఒక్కసారి ఆలోచించండి, మన తాతల ఇళ్లలో 1958 నాటి శిస్తు రసీదు ఎందరికి దొరుకుతుంది? వేరే ఏడాది రసీదు ఉన్నవాళ్లను కూడా పరాయివాళ్ల కింద రాశారు. 1989లో అందరూ ఉత్తరాది దుస్తులే ధరించాలన్న నియమం వచ్చింది, బడుల్లో నేపాలీ బోధన ఆగిపోయింది. అంతకుముందే, 1988లో, ఈ జనగణన అన్యాయమని రాజుకు అర్జీ పెట్టిన సలహామండలి సభ్యుడు టేక్‌నాథ్ రిజాల్ పదవి కోల్పోయి, తరువాత పదేళ్లు జైలులో గడిపి 1999లో బయటికి వచ్చాడు. 1990లో ఊరేగింపులు, ఆ వెంట అరెస్టులు జరిగాయి. ‘ఇష్టపూర్వకంగానే దేశం విడిచి వెళ్తున్నాం’ అన్న కాగితాలపై సంతకాలు చేయించుకుని పంపించేశారు.

భూటాన్‌కూ నేపాల్‌కూ మధ్య సరిహద్దు లేదు, నడుమ భారతదేశం ఉంది. లారీల్లో మన నేల దాటించి నేపాల్ అంచున దించారు. మాయి నది ఒడ్డున ఇసుకలో వెదురు, ప్లాస్టిక్ పట్టాలతో వేసుకున్న గుడిసెలే మొదటి మజిలీ. పసిపిల్లలు చాలామంది అక్కడే పోయారు. లక్షమందికి పైగా జనం ఇలా రోడ్డున పడ్డారు. ప్రజల ఆనందాన్ని కొలిచే దేశమని మనం మెచ్చుకునే భూటాన్ కథలో ఈ అధ్యాయం ఎక్కువమందికి తెలియదు.

శిబిరాల్లో ఎన్నాళ్లు ఉన్నారు?

చాలామంది 17 నుంచి 20 ఏళ్లు, కొందరు అంతకంటే ఎక్కువ. తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరాంగ్ జిల్లాల్లో బెల్డాంగీ, సనిశ్చరే, గోల్‌ధాప్, టిమాయి, ఖుదునాబారీ వంటి పేర్లతో ఏడు శిబిరాలు ఉండేవి. ప్రపంచ ఆహార కార్యక్రమం బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, పంచదార కొలిచి ఇచ్చేది. బయటికి వెళ్లి పని చేయడానికి చట్టం ఒప్పుకోదు. చాటుగా కూలికి వెళ్లేవారు. 2008 మార్చిలో గోల్‌ధాప్ శిబిరం దాదాపు మొత్తం కాలిపోయింది.

ఒక్క మంచి జరిగింది. శిబిరాల్లో బడులు బాగా నడిచాయి. చదువుకున్న శరణార్థులే పంతుళ్లయ్యారు, పిల్లలకు ఇంగ్లీషు వచ్చింది. ఇక్కడికి వచ్చాక వాళ్లను నిలబెట్టిన ఆస్తి ఏదైనా ఉంటే అదే.

తిరిగి భూటాన్‌కు పంపకుండా అమెరికాకు ఎందుకు తెచ్చారు?

భూటాన్, నేపాల్ పదిహేను విడతలు మాట్లాడుకున్నాయి. ఒక్కరంటే ఒక్కరు కూడా తిరిగి వెళ్లలేదు. చివరికి 2007లో ఎనిమిది దేశాలు తలా కొంతమందిని తీసుకుంటామన్నాయి: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, బ్రిటన్. శిబిరాల్లో దీనిమీద పెద్ద గొడవే నడిచింది. విమానం ఎక్కితే భూటాన్‌పై హక్కు వదులుకున్నట్టేనని కొందరు పెద్దలు వాదించారు, వెళ్తామన్నవాళ్లకు బెదిరింపులు వచ్చాయి. ఆ వాదన తప్పని నేను అనలేను. కానీ ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇంకో ఇరవై ఏళ్లు గుడిసెలోనే ఉండమని చెప్పేదెవరు? మొత్తం 1,13,000 మందికి పైగా వెళ్లారు, వారిలో ఎనభై శాతానికి పైగా అమెరికాకే. ఆరేడు వేలమంది ఇప్పటికీ నేపాల్‌లోనే మిగిలారు.

ప్రభుత్వం అన్నీ ఉచితంగా ఇస్తుందట కదా?

ఈ ప్రశ్న నాకు బాగా కోపం తెప్పించేది. ఇప్పుడు కోపం తగ్గించుకుని లెక్క చెబుతున్నాను.

మొదట విమానం టికెట్టు. అది అప్పు. అంతర్జాతీయ వలసల సంస్థ వడ్డీ లేకుండా ఇస్తుంది. పెద్దవాళ్లంతా విమానం ఎక్కకముందే ప్రామిసరీ నోటు మీద సంతకం చేయాలి. పిల్లల టికెట్లు తల్లిదండ్రుల ఖాతాలోనే పడతాయి. దిగిన ఆరు నెలల నుంచి వాయిదాలు మొదలు. ఆరుగురున్న కుటుంబమంటే, ఇంగ్లీషులో ‘వెల్‌కం’ అని బోర్డు చదవడం రాకముందే వేల డాలర్ల బాకీ.

తరువాత ఇల్లు. ప్రభుత్వంతో ఒప్పందమున్న స్వచ్ఛంద సంస్థ విమానాశ్రయానికి వచ్చి, అద్దె ఇంటికి తీసుకెళ్తుంది. అక్కడ మంచాలు, దుప్పట్లు, గిన్నెలు, ఆ పూటకు వాళ్లు తినే రకం వేడి భోజనం ఉండాలని నియమం. 2010 నుంచి దీనికంతటికీ మనిషికి 1,800 డాలర్లు కేటాయించేవారు, అందులో సంస్థ ఖర్చులు కూడా కలిసే ఉండేవి. ఆ సంస్థ బాధ్యత తొంభై రోజులు. ఆ లోపల సోషల్ సెక్యూరిటీ కార్డు, వైద్య పరీక్షలు, పిల్లలకు బడి, పెద్దలకు ఇంగ్లీషు తరగతి, ఉద్యోగం వెతకడం, అన్నీ అయిపోవాలి. నగదు సాయం, వైద్య సాయం వీళ్లు వచ్చిన కాలంలో ఎనిమిది నెలలు ఉండేవి. 2025లో కొత్తవాళ్లకు దాన్ని నాలుగు నెలలకు కుదించారు.

మనం ఇక్కడికి వచ్చినప్పుడు చేతిలో ఉద్యోగం కాగితం ఉంది, ఎవరో ఒక స్నేహితుడి సోఫా ఉంది. వీళ్ల చేతిలో వలసల సంస్థ ఇచ్చిన తెల్లటి ప్లాస్టిక్ సంచి, దాని నిండా కాగితాలు, అంతే.

మనం ఏళ్ల తరబడి ఎదురుచూసే గ్రీన్ కార్డు వాళ్లకు ఏడాదికే ఎలా వస్తుంది?

శరణార్థిగా వచ్చినవాళ్లు ఏడాది పూర్తయ్యాక గ్రీన్ కార్డుకు దరఖాస్తు చేయడం చట్టం పెట్టిన విధి. అయిదేళ్లకు పౌరసత్వం అడగవచ్చు. మన వరుస వేరు, వాళ్ల వరుస వేరు. మన ఆలస్యానికి కారణం ఉద్యోగ కోటాలో ఒక్కో దేశానికి ఏడు శాతం మించకూడదన్న పరిమితి. వాళ్లకిచ్చిన కార్డు మన వాటాలోంచి తీసినది కాదు. అయినా ఇరవై ఏళ్లు శిబిరంలో నిలబడినవాడితో వరుస గురించి పోటీ పడటం ఏం బాగుంటుంది?

ఏ పనులు చేస్తారు?

మొదటి తరం ఎక్కువగా వేర్‌హౌసుల్లో. కొలంబస్ చుట్టూ అవి కోకొల్లలు, రాత్రి షిఫ్టుకు మనుషులు ఎప్పుడూ కావాలి. హోటళ్లలో గదులు శుభ్రం చేయడం, మాంసం ప్యాకింగ్ కర్మాగారాలు, ముసలివాళ్లకు ఇంటికి వెళ్లి సాయపడే ఉద్యోగాలు కూడా ఉన్నాయి. గొడ్డుమాంసం ముట్టని ఇంటి మనిషి ఎనిమిది గంటలు దాన్నే కోసి, ఇంటికి వచ్చి వాకిట్లోంచే స్నానానికి పరుగెత్తిన కథలు నేను ఒకటికి రెండు విన్నాను. శిబిరంలో గణితం పంతులుగా పనిచేసినవారు ఇక్కడ పెట్టెలు మోస్తారు. ఆ డిగ్రీలను ఇక్కడ లెక్కచేసే సంస్థలు తక్కువ.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు పనికి వెళ్తారు, ఒకే వంట, ఒకే కారు. నాలుగేళ్లలో ముందస్తు చెల్లింపుకు డబ్బు కూడబెట్టి ఇల్లు కొనేస్తారు. ఉమ్మడి కుటుంబం వెనకబాటుతనమని చదువుకున్న మనకు ఇది కాస్త ఇబ్బంది కలిగించే లెక్క. ఇప్పుడు దుకాణాలు, మోమో హోటళ్లు, రవాణా లారీలు, బీమా ఏజెన్సీలు వాళ్లవే ఉన్నాయి.

దేశమంతా పంచితే ఇంతమంది కొలంబస్‌కే ఎలా చేరారు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

ప్రభుత్వం, సంస్థలు వీళ్లకు ఇల్లు చూపించాయి. ఊరు చూపించలేకపోయాయి. అది వాళ్ల చేతిలో లేదు కూడా. అక్క టెక్సాస్‌లో, తమ్ముడు జార్జియాలో, మేనత్త న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో దిగారు. తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో తాళం వేసుకుని కూర్చున్న ముసలమ్మకు మూడు నెలలపాటు నేపాలీ మాట వినిపించేది ఫోనులోనే. అందుకని ఆ ఫోన్లలోనే లెక్కలు మొదలయ్యాయి: మీ దగ్గర అద్దె ఎంత, గంటకు కూలి ఎంత, పంతులుగారు ఉన్నారా, అల్లం పచ్చిమిర్చి దొరుకుతాయా, చలి ఎంత? చలి ఒక్కటి తప్ప మిగతా అన్ని లెక్కల్లోనూ ఒహాయో, పెన్సిల్వేనియా గెలిచాయి. సంస్థ ఇచ్చిన ఇంటిని వదిలి, ఆ ఊళ్లో రావలసిన సాయం కూడా కొంత వదులుకుని, సొంత డబ్బుతో వ్యాను అద్దెకు తీసుకుని రెండోసారి వలస వచ్చారు. ఇక్కడి కార్యాలయాల్లో దీన్ని ‘ద్వితీయ వలస’ అని పెద్ద సమస్యలాగా రాసుకుంటారు. నాకు మాత్రం వీళ్లు తమ ఇష్టంతో చేసిన మొదటి ప్రయాణం ఇదేననిపిస్తుంది. భూటాన్ నుంచి తరిమితే వెళ్లారు, నేపాల్ నుంచి పంపితే వచ్చారు, కొలంబస్‌కు మాత్రం తామే వచ్చారు.

ఇక్కడి సంఘాల అంచనాలో కొలంబస్ ప్రాంతంలో 20 వేలకు పైగా ఉన్నారు. అమెరికాలో వీళ్ల పెద్ద గుంపుల్లో ఇదొకటి. ఉత్తరాన నార్త్‌ల్యాండ్, తూర్పున రెనాల్డ్స్‌బర్గ్ వైపు ఎక్కువ. రెనాల్డ్స్‌బర్గ్ నగర మండలికి 2019లో ఎన్నికైన భువన్ ప్యాకురేల్ ఈ సమాజం నుంచి అమెరికాలో ఎన్నికైన మొదటి ప్రజాప్రతినిధి. ఆయన కూడా మొదట దిగింది కొలరాడోలో. ఒహాయోలోనే ఆక్రన్‌లో నార్త్ హిల్ అనే పాత పేట సగం ఖాళీ అయి, ఇళ్లు పాడుపడుతుంటే వీళ్లు వచ్చి నింపారు. పెన్సిల్వేనియాలో హారిస్‌బర్గ్, పిట్స్‌బర్గ్ శివార్లలోనూ ఇదే కథ.

పెద్దవాళ్లు ఎలా ఉన్నారు?

బాగా లేరు. మిగతా కుటుంబం ఎదిగినకొద్దీ వాళ్లు చిన్నబోయారు. భూటాన్‌లో నాలుగెకరాల తోటకు యజమాని, శిబిరంలో కనీసం చావడి దగ్గర కూర్చుని నలుగురికి మాట చెప్పిన మనిషి. ఇక్కడ కరెంటు బిల్లు చదివించుకోవడానికి మనవరాలు బడి నుంచి వచ్చేదాకా ఆగాలి.

చట్టం ఇంకో మెలిక పెట్టింది. 65 దాటిన పేద శరణార్థికి వచ్చే నెలసరి భృతి ఏడేళ్లే. ఆలోపు పౌరుడు కాకపోతే ఆగిపోతుంది. పౌరుడు కావాలంటే ఇంగ్లీషు చదివి, రాసి, పౌరశాస్త్రం ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వయసును బట్టి సొంత భాషలో జవాబు చెప్పే వెసులుబాటుకు గ్రీన్ కార్డు వచ్చి పదిహేనో ఇరవయ్యో ఏళ్లు నిండాలి. డాక్టరు ధ్రువీకరిస్తే మినహాయింపు ఉంది కానీ అది అందరికీ దొరకదు. ఇన్నాళ్లూ వంద ప్రశ్నల్లో పది అడిగి ఆరు సరిపోతే ఒప్పుకునేవారు. 2025 అక్టోబరు నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 128 ప్రశ్నలు, అందులో ఇరవై అడుగుతారు, పన్నెండు రావాలి. కలం పట్టని చేతితో 70 ఏళ్ల వయసులో అక్షరం దిద్దడాన్ని నేను ప్రతి శనివారం చూస్తాను. తరగతిలో సగంమంది పుట్టినరోజు జనవరి 1. తేదీ తెలియనివాళ్లకు రాసేవాళ్లు వేసిన తేదీ అది. మన పెద్దలకు బడి పంతులు వేసిన పుట్టినతేదీ గుర్తొచ్చి మొదటిరోజు నవ్వుకున్నాను.

ఒక విషయం నెమ్మదిగా చెప్పాలి. 2009 ఫిబ్రవరి నుంచి 2012 ఫిబ్రవరి దాకా అమెరికాలో ఈ సమాజంలో 16 ఆత్మహత్యలు నమోదయ్యాయి. అప్పటికి వచ్చిన జనాభాతో పోలిస్తే అది దేశ సగటుకు దాదాపు రెట్టింపు. ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ పరిశోధకులు ఇంటింటికీ తిరిగి మాట్లాడారు. కుటుంబాన్ని పోషించలేకపోతున్నానన్న బాధ, చెప్పుకునే మనిషి లేకపోవడం, భాష రాకపోవడం, ఆచారాలు జరుపుకోలేకపోవడం ముందుకొచ్చిన కారణాలు. నేను పైన ఊరు గురించి అంత పొడుగ్గా రాసింది ఇందుకే. తరువాత సంఘాలు పెద్దలకోసం పగటి కేంద్రాలు, కూరగాయల తోటలు, యోగా తరగతులు మొదలుపెట్టాయి. మీకు తెలిసినవాళ్లెవరైనా అలాంటి ఆలోచనలో ఉంటే 988కి ఫోన్ చేయండి. దుబాసీ కావాలని అడిగితే ఏర్పాటు చేస్తారు.

ఆరోగ్యం మాటకొస్తే, శిబిరం రేషన్‌లో పాలు, గుడ్లు, మాంసం లేక చాలామందికి విటమిన్ బి12 లోపం వచ్చింది. తిమ్మిర్లు, నీరసం అంటే ఇక్కడి డాక్టర్లు మొదట్లో దిగులు అనుకునేవారు. శాకాహారులైన మనకూ తెలిసిన లోపమే.

పిల్లలు?

బాగున్నారు. నర్సింగ్, ఫార్మసీ, కంప్యూటర్లు, ఇప్పుడిప్పుడే న్యాయశాస్త్రం. న్యూహాంప్‌షైర్ శాసనసభకు 2024లో సూరజ్ బుఢాథోకీ ఎన్నికయ్యాడు. అయితే పదేళ్ల పిల్ల ఆసుపత్రిలో తాతకు దుబాసీగా నిలబడి, ఆయన జబ్బు పేరు తానే చెప్పవలసి వచ్చే స్థితి కూడా ఉంది. అది పిల్లలు మోయవలసిన బరువు కాదు. ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఈ మాట వాళ్లకు చెప్పండి.

పండుగలు, చావులు ఎలా జరుపుకుంటారు?

దశైం, తిహార్ అంటే మన దసరా, దీపావళి. దశైంకు పెద్దలు నుదుట బియ్యం, పెరుగు, కుంకుమ కలిపిన టీకా, అంటే బొట్టు, పెడతారు. ఆ రోజు సెలవు దొరకనివాళ్లు షిఫ్టుకు ముందు తెల్లవారుజామున పెట్టించుకుని, అది రాలకుండా వెళ్తారు.

చావు కష్టం. కొడుకు పదమూడు రోజులు తెల్లబట్టలతో, ఉప్పు లేని ఒంటిపూట భోజనంతో, ఎవరినీ తాకకుండా కర్మ చేయాలి. వేర్‌హౌసు ఇచ్చేది మూడు రోజులు. కొందరు ఉద్యోగం వదిలేస్తారు, కొందరు కర్మను కుదిస్తారు. కుదించినవాళ్లను నేను తప్పుపట్టను, మన ఇళ్లలో కూడా ఇప్పుడు అంతే కదా.

2025లో కొందరిని వెనక్కి పంపారన్న వార్త నిజమేనా?

నిజం. ఆ ఏడాది జనవరి 20న శరణార్థులను తీసుకునే కార్యక్రమాన్నే అమెరికా నిలిపేసింది. మార్చి నుంచి, పౌరసత్వం తీసుకోని, ఏదో ఒక నేరంలో శిక్షపడిన వారిని భూటాన్‌కు విమానంలో పంపడం మొదలుపెట్టింది. వాళ్లలో చాలామంది శిక్ష పూర్తిచేసినవారే. భూటాన్ వాళ్లను ఒక రోజులోపే భారత సరిహద్దులో వదిలేసింది. అక్కడి నుంచి నేపాల్ చేరినవారిలో కొందరిని అక్రమ ప్రవేశమని పోలీసులు పట్టుకున్నారు. ముప్పై అయిదేళ్ల నాటి దారే, ఈసారి లారీకి ముందు విమానం. ఆ వారం నా తరగతిలో కుర్చీలు చాలలేదు. అప్పటిదాకా ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్నవాళ్లంతా వచ్చారు.

మన దగ్గర ఇలాంటివాళ్లు ఉన్నారా?

ఉన్నారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు విన్నారుగా. 1962 తరువాత బర్మాలో దుకాణాలు, ఆస్తులు పోగొట్టుకుని ఓడల్లో తిరిగొచ్చిన తెలుగువాళ్ల పేట అది. కాగజ్‌నగర్ దగ్గర తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ల ఊళ్లు ఉన్నాయి. పాత పత్రికలు వీళ్లను కాందిశీకులు అనేవి. చట్టం దృష్టిలో బర్మా తెలుగువాళ్లు శరణార్థులు కారు, తిరిగొచ్చినవాళ్లు. అయినా పేటకు వదిలివచ్చిన దేశం పేరు పెట్టుకోవడంలో తేడా ఏమీ కనబడదు.

మేం ఏమైనా చేయగలమా?

పాత సోఫాలు వద్దు, చాలానే ఉన్నాయి. కారు నడపడం నేర్పండి. ఇక్కడ కారు లేనివాడికి ఉద్యోగం లేదు. కాలేజీ దరఖాస్తు, ఆర్థిక సాయం ఫారం నింపడంలో పిల్లలకు పక్కన కూర్చోండి. పాఠం చెప్పాలనుకుంటే శనివారం ఉదయం రెండు గంటలు చాలు. హిందీ వస్తే ఇంకా సులువు, సినిమాల వల్ల అందరికీ అంతో ఇంతో వచ్చు.

‘మీది ఏ ఊరు?’ అని అడగవచ్చా?

అడగవచ్చు, తీరిక ఉంటేనే అడగండి. తరగతిలో ఒక బాజేను (తాతగారిని అలా పిలుస్తారు) నేను అడిగాను. ముందు చిరాంగ్ జిల్లాలో కొండవాలు మీద ఇల్లు అన్నాడు. తరువాత బెల్డాంగీలో సెక్టారు, గుడిసె సంఖ్య చెప్పాడు. ఆ తరువాత ఇక్కడి వీధి పేరు. మళ్లీ మొదటి ఊరికి వెళ్లి, పెరట్లో నారింజ చెట్లు ఏవి ఏ వైపు ఉండేవో బల్ల మీద వేలితో గీసి చూపించాడు.

మీది ఏ ఊరని నన్నడిగాడు. చెప్పాను. వెళ్లొస్తుంటారా అన్నాడు. రెండేళ్లకోసారి అన్నాను. ఆయన తల ఊపి, కళ్లజోడు సర్దుకుని, పుస్తకం నా వైపు తిప్పాడు. సెనేటర్లు ఎంతమంది అన్న ప్రశ్న దగ్గర వేలు పెట్టి, నేను అడగకముందే ఇంగ్లీషులో ‘వన్ హండ్రెడ్’ అన్నాడు.